‘జగ్గర్నాట్’ (1974): గడియారం కన్నా స్క్రూడ్రైవర్ ఎక్కువ భయపెట్టే సినిమా

అట్లాంటిక్ మధ్యలో ‘బ్రిటానిక్’ అనే ఓడ, అందులో 1200 మంది ప్రయాణికులు. లండన్‌లో ఓడ కంపెనీ పెద్ద నికొలస్ పోర్టర్‌కి ఫోనొస్తుంది. మీ ఓడలో ఏడు ఉక్కు డ్రమ్ములు పెట్టాను, ఏడింట్లోనూ పేలుడు మందు ఉంది, కదిలిస్తే పేలతాయి, తెల్లారేలోగా 5 లక్షల పౌండ్లు కావాలి అంటాడు అవతలివాడు. నమ్మకం కలగడానికి ఓడ మీద చిన్న పేలుళ్లు కూడా జరిపించి చూపిస్తాడు. పేరడిగితే జగ్గర్నాట్ అంటాడు. కథ ఇంతే. ముందే చెప్పేస్తే పోయేదేమీ లేదు, ఎందుకంటే ఈ సినిమా బలం కథలో లేదు.

బలమంతా పని చూపించడంలో ఉంది. దర్శకుడు రిచర్డ్ లెస్టర్, దాదాపు 110 నిమిషాల సినిమాలో సగానికి సగం, బాంబు విప్పే మనుషుల చేతుల మీదే కెమెరా పెట్టి కూర్చున్నాడు. ఒక స్క్రూ విప్పడం, ఆగడం, ఏం చేశాడో మైకులో చెప్పడం, మళ్లీ ఇంకో స్క్రూ. ఎర్ర అంకెలు తిరిగే టైమరు మీద ఆధారపడ్డ ఉత్కంఠ కాదిది. గడువు ఉంది, తెల్లారబోతోందని అందరికీ తెలుసు. కానీ ప్రేక్షకుడి గుండె ఆగేది గడువు గుర్తొచ్చి కాదు, బాంబు బృందం నాయకుడు ఫాలన్ స్క్రూడ్రైవర్‌ని అర చుట్టు తిప్పినప్పుడు.

1970లలో విపత్తు సినిమాల వెల్లువ నడిచింది. పెద్ద తారలు, పెద్ద ప్రమాదం, ఒక్కొక్కరుగా చచ్చిపోయే ప్రయాణికులు, చివర్లో కూలిపోయే సెట్టు. నిర్మాతలు దీన్నీ ఆ గాటనే కట్టాలనుకున్నట్టున్నారు. లెస్టర్ చేతికి వచ్చేసరికే బ్రయన్ ఫోర్బ్స్, డాన్ మెడ్‌ఫర్డ్ అనే ఇద్దరు దర్శకులు తప్పుకున్నారు. వచ్చీ రాగానే లెస్టర్ స్క్రిప్టును తిరగరాయించాడు, అదనపు సంభాషణలు అలన్ ప్లేటర్ రాశాడు. మూల రచయిత రిచర్డ్ అలన్ సిమన్స్ పేరు తెర మీద కనిపించదు, రిచర్డ్ డికోకర్ అనే మారుపేరు కనిపిస్తుంది. ఇన్ని చేతులు మారిన సినిమా అతుకుల బొంతలా తయారవ్వాలి నిజానికి. అలా కాలేదంటే కారణం ఒకటే: ఎవరి దృష్టిలో ఏ సన్నివేశం ముఖ్యమో తేల్చుకోవాల్సిన చోట లెస్టర్ బాంబు గదిని ఎంచుకున్నాడు, డాన్సు హాలును కాదు.

కథకు బీజం నిజంగా జరిగిన సంఘటన. 1972 మే నెలలో క్వీన్ ఎలిజబెత్ 2 అనే ఓడ అట్లాంటిక్ దాటుతుండగా, దాన్ని నడిపే కునార్డ్ కంపెనీ న్యూయార్క్ ఆఫీసుకి ఫోనొచ్చింది. ఓడలో బాంబులున్నాయి, 3 లక్షల 50 వేల డాలర్లు ఇవ్వకపోతే పేలుతాయి అని. బ్రిటన్ నుంచి వైమానిక దళం హెర్క్యులీస్ విమానంలో నలుగురు సైనికులు బయల్దేరి ఓడ పక్కన సముద్రంలోకి పారాచ్యూట్లతో దూకారు. ఓడంతా గాలించినా బాంబు దొరకలేదు. డబ్బు తీసుకోవడానికీ ఎవరూ రాలేదు. సినిమా ఈ చట్రాన్ని తీసుకుని అందులో ఒక్క మార్పు చేసింది: ఇక్కడ బాంబులు నిజంగా ఉన్నాయి.

ముందు ఓడ గురించి. ఇది సెట్టు కాదు. 1969లో తొలి ప్రయాణం చేసిన ‘హాంబుర్గ్’ అనే జర్మన్ ఓడ, సుమారు 25 వేల టన్నులది, ఆవిరి టర్బైన్లతో నడిచేది. జర్మన్ కంపెనీ చేతి నుంచి సోవియట్ చేతికి మారుతున్న సందులో చిత్ర బృందం దాన్ని అద్దెకు తీసుకుంది. పొగగొట్టం నెత్తిన పళ్లెంలాంటి పెద్ద చక్రం కనిపిస్తుంది చూడండి, అది ఆ ఓడ గుర్తు. షూటింగ్ కోసం మంచి వాతావరణం వెతుక్కోవడం మామూలు. వీళ్లు చెడ్డ వాతావరణం వెతుక్కుంటూ ఉత్తర సముద్రంలో తిరిగారు. ఆ ఫలితం ప్రతి ఫ్రేములోనూ ఉంది. ఆకాశం సీసం రంగులో ఉంటుంది, డెక్ తడిగా ఉంటుంది, నడవాలో మనుషులు గోడ పట్టుకుని నడుస్తారు. నటించి ఊగుతున్నట్టు ఎక్కడా ఉండదు.

ఈ వాతావరణం కేవలం అలంకారం కాదు, కథ మొత్తం దాని మీదే నిలబడింది. బాంబు దొరికినచోట మొట్టమొదటి నియమం జనాన్ని ఖాళీ చేయించడం. ఇక్కడ అది కుదరదు. ఓడ పక్కలకు ఒరుగుతున్నప్పుడు తాళ్ల మీద దించే లైఫ్‌బోట్ లోలకంలా ఊగి ఓడ గోడకు కొట్టుకుంటుంది. కిందికి చేరాక ఇంకో గండం: అల ఎత్తినప్పుడు ముందు కొక్కెం ఊడి వెనక కొక్కెం పట్టుకుపోతే పడవ ఒక కొసకు వేలాడి అందులోవాళ్లు నీళ్లలో పడతారు. ఇప్పటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఓడ ఏ పక్కకైనా 20 డిగ్రీలు ఒరిగినా లైఫ్‌బోట్లు దించగలగాలి. కానీ అది స్థిరంగా ఒరిగిన ఓడ లెక్క, తుఫానులో అటూ ఇటూ పొర్లే ఓడకు ఏ నిబంధనా హామీ ఇవ్వలేదు. అందుకే కెప్టెన్ బ్రూనెల్ పడవలు దించను అన్నప్పుడు అది మొండితనం అనిపించదు. బాంబు చంపితే కొందరిని చంపవచ్చు, సముద్రం మాత్రం చాలామందిని చంపడం ఖాయం అన్న లెక్క అది. స్క్రిప్టు దీన్ని పొడుగు ఉపన్యాసంగా కాకుండా రెండు మూడు మాటల్లో తేల్చేస్తుంది. మిగతాది కిటికీ బయట అలలు చెబుతాయి.

ఇదే ఓడ నిజ జీవితం ఈ వాదనకు విచిత్రమైన సాక్ష్యం. సోవియట్ జెండా కింద ‘మాక్సిమ్ గోర్కీ’గా మారాక, 1989 జూన్‌లో ఆర్కిటిక్‌లోని స్వాల్బార్డ్ దీవుల దగ్గర మంచుదిమ్మెను ఢీకొంది. దాదాపు 950 మంది. చాలామంది లైఫ్‌బోట్లలోకీ మంచుపలకల మీదికీ దిగారు, నార్వే తీర రక్షక ఓడ వచ్చి కాపాడింది, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. అదే ఏడాది డిసెంబరులో మాల్టాలో బుష్, గోర్బచేవ్ భేటీ జరిగింది కూడా ఈ ఓడ మీదే. చివరికి 2009లో గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరి ముక్కలైంది. సినిమా ఓడల్లో ఇంత చరిత్ర ఉన్నది అరుదు.

ఇక బాంబు బృందం రాక. నేవీ లెఫ్టినెంట్ కమాండర్ ఆంథొనీ ఫాలన్‌గా రిచర్డ్ హారిస్, అతని కుడిభుజం చార్లీ బ్రాడక్‌గా డేవిడ్ హెమ్మింగ్స్. విమానం నుంచి పారాచ్యూట్లతో ఎగసిపడుతున్న సముద్రంలోకి దూకి, అక్కణ్ణుంచి ఓడ ఎక్కాలి. ఈ దృశ్యంలో ఏది కష్టమో తెలిసినవాళ్లకు రెట్టింపు భయం వేస్తుంది. దూకడం తేలిక, నీళ్లను తాకాక మొదలవుతుంది అసలు ప్రమాదం. గాలి నిండిన పారాచ్యూట్ తెరచాపలాగా మనిషిని ఈడ్చుకుపోతుంది, పాదాలు నీళ్లను తాకగానే పట్టీలు వదిలించుకోవాలి. ముందే వదిలేస్తే ఎత్తు అంచనా తప్పి చచ్చిపోతాడు, ఆలస్యంగా వదిలితే తాళ్లలో చిక్కుకుని మునుగుతాడు. చల్లటి నీళ్లలో వేళ్లు కొద్ది నిమిషాల్లోనే మొద్దుబారతాయి, కాసేపట్లో సన్నటి స్క్రూలు విప్పాల్సినవి ఆ వేళ్లే. ఓడ చేయగల సాయం ఒక్కటే: గాలికి అడ్డంగా తిరిగి, గాలి తగలని వైపున కాస్త శాంతించిన నీళ్లు ఇవ్వడం. అప్పుడు కూడా ఓడ గోడ పైకీ కిందికీ అంతస్తు ఎత్తు కదులుతూనే ఉంటుంది. పైకెక్కేవాడు అల శిఖరం మీద ఉన్నప్పుడే పట్టు అందుకోవాలి, దిగుతున్న అలతో పాటు అందుకుంటే మరుక్షణం వచ్చే అల కాళ్లను నలిపేస్తుంది. లెస్టర్ ఇక్కడ సంగీతంతో ఊదరగొట్టడు. గాలి శబ్దం, అరుపులు సగం సగం వినబడడం, అంతే. సినిమా మొత్తం మీద కెన్ థోర్న్ సంగీతం చాలా పొదుపు, బాంబు గదుల్లో అయితే దాదాపు ఓడ చప్పుళ్లే నేపథ్యం.

ఇప్పుడు అసలు విషయం: డ్రమ్ములు.

ఏడూ ఒకే మనిషి ఒకే పద్ధతిలో చేసినవి అన్నది ఫాలన్ అంచనా. ముందు ఒక అడ్డదారి ప్రయత్నిస్తారు, అది బెడిసికొట్టి ఒక డ్రమ్ము పేలుతుంది. ఓడ మునగదు. అడ్డగోడలతో గదులు గదులుగా విడదీసిన ఓడ పొట్టలో ఒకచోట నీళ్లు చేరితే తలుపులు మూసి అక్కడికక్కడే ఆపవచ్చు. హద్దు దాటితేనే చేటు. టైటానిక్ ముందు నాలుగు గదులు నిండినా తేలగలిగేది, అయిదో గదితో లెక్క తప్పింది. బ్రిటానిక్‌కి ఎన్ని డ్రమ్ముల దాకా ఓపిక ఉందో ఎవరూ పైకి చెప్పరు. కానీ మొదటి పేలుడు తర్వాత ఓడలో ప్రతి మనిషీ మనసులో వేసుకునేది అదే లెక్క.

అప్పుడు ఫాలన్ పద్ధతి మారుస్తాడు. సినిమాకు గుండెకాయ ఇదే కనక కాస్త వివరంగా చెప్పాలి. ఒక్కో డ్రమ్ము దగ్గర ఒక్కో మనిషి కూర్చుంటాడు. అందరి చెవుల్లో ఫాలన్ గొంతు. అతను ఎప్పుడూ ఒక అడుగు ముందుంటాడు: చేయబోయేది చెప్తాడు, చేస్తాడు, అయిందంటాడు. అప్పుడు మిగతావాళ్లు తమ తమ డ్రమ్ముల మీద అదే అడుగు వేస్తారు. మళ్లీ ఫాలన్ తర్వాతి అడుగు. అతను పేలిపోతే, ఏ అడుగు దగ్గర పేలాడో వింటున్నవాళ్లకు తెలుస్తుంది. తర్వాతి స్థానంలో ఉన్న మనిషి ఆ ఒక్కచోట దారి మార్చుకుని అక్కణ్ణుంచి నడిపిస్తాడు.

దర్శకుడి చేతికి ఇది ఎంత పదునైన పనిముట్టో గమనించండి. మాట వస్తోందంటే మనిషి బతికున్నాడు. మాట ఆగితే? ఆలోచిస్తున్నాడేమో, చెమట తుడుచుకుంటున్నాడేమో, లేకపోతే... ఆ విరామాల్లో కెమెరా ఫాలన్‌ను వదిలి, వింటున్నవాళ్ల మొహాల మీదికి వెళ్తుంది. వాళ్ల చేతుల్లో పనిముట్టు డ్రమ్ముకు అంగుళం దూరంలో ఆగిపోయి ఉంటుంది. పేలుడు చూపించకుండానే పేలుడు తాలూకు భయాన్ని చూపించడం అంటే ఇది. పైగా ప్రేక్షకుడికి పని అర్థమవుతూ ఉంటుంది. ఏది మామూలు స్క్రూ, ఏది ఉచ్చు, ఏది ముట్టుకోకూడనిది అన్నది ఫాలన్ మాటల్లోనే తెలుస్తుంది. అర్థం కాని యంత్రం ముందు మనకు కలిగేది గందరగోళమే. అర్థమయ్యాక గానీ భయం రాదు.

ఇది రచయిత ఊహించిన పద్ధతి కూడా కాదు, కనీసం సగం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో పేలని బాంబుల దగ్గర పనిచేసినవాళ్లు చేసే ప్రతి పనినీ పైకి చెప్పేవారు, ఇంకొకరు రాసుకునేవారు. అలా బాంబులు విప్పిన ఒక ప్రభువు, సఫోక్ ఎర్ల్, పక్కన నిలబడి ఆయన కార్యదర్శి ఐలీన్ బెరిల్ మోర్డెన్ నోట్సు రాసేది. 1941 మేలో లండన్ పక్కనున్న ఎరిత్ దగ్గర బాంబు పేలినప్పుడు ఇద్దరూ, వాళ్ల డ్రైవరూ కలిసే పోయారు. మనిషి పోయినా అతనికి తెలిసింది మిగలాలి అన్నది ఆ వృత్తి నియమం. సినిమా దాన్ని హెడ్‌సెట్‌లోకి మార్చింది.

తప్పిన చోట్లు కూడా చెప్పాలి. అచ్చం ఒకేలాంటి బాంబులు ఉన్నప్పుడు ఒకదాన్ని పూర్తిగా విప్పి, చూసి, ఆ తర్వాతే రెండోదాని దగ్గరికి వెళ్లడం సరైన పద్ధతి. ఒకేసారి అందరినీ ప్రమాదం ముందు కూర్చోబెట్టడం ఏ అధికారీ మామూలుగా ఒప్పుకోడు. అలాగే, ఏదైనా ఒక పని చేశాక వెనక్కి వెళ్లి కొంతసేపు ఆగడం వృత్తిలో భాగం. లోపల ఏదైనా మొదలై ఉంటే ఆ సమయంలో బయటపడుతుంది. ఫాలన్‌కి ఆగే వీలు లేదు, గడువు అలాంటిది. ఆ మేరకు కథ తనను తాను సమర్థించుకుంటుంది. మనిషి చేతుల బదులు దూరం నుంచి పనిచేసే సాధనాలు ఒక్కటీ ఎందుకు తేలేదన్నది ఇంకో ప్రశ్న. ‘వీల్‌బారో’ అనే రిమోట్ బండిని బ్రిటిష్ సైన్యం ఉత్తర ఐర్లాండ్‌లో 1972లోనే దించింది. అయితే అంత బరువును పారాచ్యూట్‌తో సముద్రంలో పడేసి, నిచ్చెనలూ ఇరుకు నడవాలూ ఉన్న ఓడలో దించడం అయ్యే పని కాదు. ఇందులో సినిమాను తప్పు పట్టలేం.

బాంబు చేసినవాడికీ విప్పేవాడికీ మధ్య జరిగే ఎత్తుకు పై ఎత్తు ఈ సినిమాలో నమ్మశక్యంగా ఉండటానికి కూడా ఆ యుద్ధ చరిత్రే కారణం. లండన్ మీద పడ్డ జర్మన్ బాంబుల ఫ్యూజు (బాంబును పేల్చే భాగం) మీద నంబరు ఉండేది. 17 అంటే లోపల గడియారం, పడ్డాక 72 గంటల దాకా ఎప్పుడైనా పేలవచ్చు. 50 అంటే కదిపితే పేలేది. ఈ రెండింటినీ ఒకే బాంబుకు బిగించారు, అంటే తొందరపడాలి కానీ ముట్టుకోకూడదు. బ్రిటిష్‌వాళ్లు గడియారాన్ని ఆపడానికి బలమైన అయస్కాంతం తెచ్చారు, మళ్లీ కదిలిందేమో వినడానికి స్టెతస్కోపు పెట్టారు. జర్మన్లు 17 ఫ్యూజు అడుగున జుస్-40 అనే పరికరం దాచారు. ఫ్యూజును బయటికి లాగిన మనిషిని చంపడమే దాని పని. సరే, ఫ్యూజు జోలికే పోకుండా బాంబు పొట్టకు రంధ్రం చేసి, ఆవిరి పంపి మందును కరిగించి బయటికి తీశారు. 1943 జనవరిలో వై-ఫ్యూజు వచ్చింది. భవనాల మీద దాని గురి లేదు, నిర్వీర్యం చేయడానికి వచ్చే మనిషే దాని గురి. దాని బ్యాటరీని ద్రవ ఆక్సిజన్‌తో బిగుసుకుపోయేలా చల్లబరిచి జయించారు.

ఈ క్రమం తెలిసి చూస్తే ఫాలన్ సంశయం ఇంకో రకంగా కనిపిస్తుంది. ఒక ఉచ్చు దొరికిందంటే ఊపిరి పీల్చుకునే సమయం కాదది. అది దొరకాలనే పెట్టాడా అని అనుమానించాల్సిన సమయం. తేలిగ్గా కనిపించిన ఉచ్చు వెనక దాక్కున్న రెండోది అసలైనది. సినిమా రెండో సగంలో ఒక పెద్ద దెబ్బ ఇక్కణ్ణుంచే వస్తుంది. పని అయిపోయిందని అందరూ అనుకున్న క్షణం అది, అందుకే అంత గట్టిగా తగులుతుంది. ఎవరికి తగులుతుందో చెప్పను. ఆ తర్వాత హారిస్ నటన చూడండి. అప్పటిదాకా జోకులు, బడాయి, సిగరెట్టు. అదంతా ఒక్కసారిగా జారిపోయి, ఇక ఈ పని చేయను అంటూ కూలబడే మనిషి మిగులుతాడు. హారిస్‌కు అతి చేసే అలవాటుందని పేరు. ఇక్కడ ఆ అతి పాత్రదే, చావు పక్కన కూర్చునేవాడు వేసుకునే వేషం అది. వేషం ఊడిపోయే చోట నటుడు కూడా చిన్నవాడైపోతాడు.

ఆఖరి తీగ దగ్గరికి వద్దాం. ఎర్రదా, నీలందా? ఇది లెక్కలేనన్ని సినిమాల్లో, సీరియళ్లలో అరిగిపోయిన సన్నివేశం. దాన్ని జనంలోకి తెచ్చిన సినిమాల్లో ఇదొకటి. వృత్తిపరంగా చూస్తే తీగ రంగుకు అర్థమే లేదు. చేసినవాడు ఏ రంగు చేతికొస్తే అది వాడతాడు, కావాలని మార్చి కూడా వాడతాడు. ఏ తీగ తెంచినా పేలే ఏర్పాటు ఉంటే ‘సరైన తీగ’ అన్న మాటకే విలువ లేదు. అయినా ఇక్కడ సన్నివేశం పనిచేస్తుంది. కారణం, ఫాలన్ అప్పటికి తీగల గురించి ఆలోచించడం మానేశాడు. రేడియోలో ఒక గొంతు ఒక రంగు పేరు చెబుతుంది. ఆ గొంతును నమ్మాలా వద్దా అన్నదొక్కటే మిగిలిన ప్రశ్న. ఆ మనిషి గురించి ఫాలన్‌కి తెలిసినదంతా ఒక పక్క, అతను చెప్పిన మాట ఇంకో పక్క. గంటన్నర పాటు యంత్రాన్ని చదివిన మనిషి చివరికి మనిషిని చదవాల్సి వస్తుంది. అనుకరించినవాళ్లంతా తీగను పట్టుకున్నారు, దాని ముందున్న గంటన్నరను వదిలేశారు. అందుకే అవి తేలిపోయాయి.

నేల మీది కథ దీనంత బిగువుగా లేదు. లండన్‌లో సూపరింటెండెంట్ మెక్లౌడ్‌గా ఆంథొనీ హాప్కిన్స్. ఇతని భార్యాబిడ్డలు ఓడలోనే ఉన్నారు. ఇంకొకరైతే ఈ విషయాన్ని పట్టుకుని ఏడుపులు పెట్టేవాళ్లు, హాప్కిన్స్ మాత్రం గొంతు పెంచకుండా, ఒకరి తర్వాత ఒకరిని ప్రశ్నిస్తూ పోతాడు. బాగుంది. కానీ వేట మాత్రం పలచన. బాంబు పనితనం తెలిసినవాళ్ల జాబితా, తలుపులు కొట్టడం, చివరికి ఒక చోట తగలడం. ఎలా తగిలిందన్న దానిలో తర్కం కన్నా అదృష్టం ఎక్కువ. జగ్గర్నాట్ ఎవరన్నది కూడా కాస్త సినిమాలు చూసినవాళ్లు ముందే పసిగడతారు.

దానికంటే ఆసక్తికరం పోర్టర్ గొడవ. ఇయన్ హోమ్ ఈ పాత్రను నలిగిపోయిన పెద్దమనిషిలా చేశాడు. డబ్బు ఇచ్చేసి మనుషుల్ని కాపాడదాం అంటాడతను. ప్రభుత్వం నుంచి వచ్చినవాళ్లు ఇవ్వడానికి వీల్లేదంటారు, ఇస్తే కంపెనీకి వచ్చే సబ్సిడీ ఆగిపోతుందని మర్యాదగానే హెచ్చరిస్తారు. బెదిరింపులు బాంబు పెట్టినవాడి దగ్గరే కాదు, సూటు వేసుకున్నవాళ్ల దగ్గరా ఉంటాయని సినిమా గట్టిగా అనదు, ఆ గదిలో టీ కప్పుల మధ్య కూర్చోబెట్టి చూపిస్తుంది.

ఓడ మీది ప్రయాణికుల విభాగంలో రాయ్ కినియర్ ఒక్కడి కోసమైనా చూడాలి. ప్రయాణికుల్ని ఉల్లాసపరిచే ఉద్యోగం అతనిది, పేరు కర్టెన్. చావు ఎదురుగా ఉన్నా ఆటలూ పాటలూ ఆపకూడదు, నవ్వు చెరగకూడదు. ఎవరూ నవ్వరు. ఆ మొహంలో నవ్వు అలాగే అతికించి ఉంటుంది. స్టీవర్డ్ ఆజాద్‌గా చేసింది రోషన్ సేఠ్, తర్వాత ‘గాంధీ’లో నెహ్రూగా చేసినాయన. ఇది ఆయన తొలి సినిమా, కనిపించేది కాసేపే అయినా గుర్తుండిపోతాడు. కెప్టెన్‌గా ఒమర్ షరీఫ్ బిగుసుకుపోయి ఉంటాడు, అది పాత్ర స్వభావమో నటుడి ఉదాసీనతో తేల్చడం కష్టం. షర్లీ నైట్‌తో అతని ప్రేమ వ్యవహారం మాత్రం ఎవరో బలవంతం చేస్తే పెట్టినట్టుంది. ఆమె మంచి నటి, ఇచ్చిన పని నడవాల్లో దిగులుగా తిరగడం. ఆ సన్నివేశాలు వచ్చినప్పుడల్లా చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్‌ని ఎవరో లాక్కున్నట్టు అనిపిస్తుంది.

ఇంకో లోపం, ఇది ఈ రకం సినిమాకు చిన్నది కాదు: ఏ డ్రమ్ము ఓడలో ఎక్కడుందో మనకు పటం తయారు కాదు. ఏ అంతస్తు, ముందు భాగమా వెనకా, రెండు డ్రమ్ముల మధ్య దూరమెంత, ప్రయాణికులు గుమిగూడిన హాలుకు ఏది దగ్గర? ఒక్క నక్షాను బల్ల మీద పరిచి నాలుగు మాటలు చెప్పించి ఉంటే తర్వాతి గంటలో ప్రతి పేలుడు భయానికీ ఒక చోటు ఉండేది. పని వివరంగా చూపించిన దర్శకుడు చోటును ఎందుకు వదిలేశాడో అర్థం కాదు.

అయిదుకు నాలుగు ఇవ్వొచ్చు. ఆ పోయిన ఒకటిలో సగం ప్రేమకథది, సగం పటానిది.

చూడబోయేవాళ్లకు రెండు మూడు మాటలు. సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూడండి. బాంబు గదుల్లో మాటలు సగం రేడియో గరగరలోంచి వస్తాయి, యాసలు రకరకాలు, ఒక అడుగు మాట వినబడకపోతే తర్వాతి మూడు నిమిషాల ఉత్కంఠ చేజారుతుంది. ఫోన్ స్పీకరుతో కాకుండా ఇయర్‌ఫోన్లతో వింటే ఇంజిన్ మోత, లోహం మీద లోహం రాసుకునే చప్పుడు తెలుస్తాయి. సంగీతం చేయాల్సిన పని ఇందులో అవే చేస్తాయి. మొదటి ఇరవై నిమిషాలు నెమ్మదిగా నడుస్తాయి, వీడ్కోళ్లూ ప్రయాణికుల పరిచయాలూ కాస్త ఓపిక పట్టాలి. ఫాలన్ విమానం ఎక్కాక మళ్లీ పాజ్ నొక్కాలనిపించదు. అమెరికా టీవీలో ‘టెర్రర్ ఆన్ ద బ్రిటానిక్’ అనే పేరుతో వేసింది కూడా ఈ సినిమానే, రెండు వేరనుకుని రెండు డిస్కులు కొనకండి.